పిడుగుపిల్ల పేలిన వేళ

స్ఫటికావతీ నగరంలో కొలువు తీరింది. చలువరాతి స్తంభాలకు చుట్టిన బంగారు తీగెలు ఉదయపు వెలుగులో మిలమిలలాడుతున్నాయి. పచ్చల తోరణాల నీడ పడి నేలంతా లేత పసిరిక పరిచినట్టుంది. వింజామరలు వీచేవాళ్ల చేతిగాజులు తప్ప మరో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో, శంఖద్వీపం నుంచి ఓడమీద వచ్చిన దూత త్రపుకర్ణుడు, పట్టుగుడ్డ కప్పిన చందనపు పెట్టెను మహారాజు రత్నధ్వజుడి పాదాల ముందుంచి మూత తెరిచాడు.

అందులో ఉన్నది తుపాకి. అయితే మణిమంథ రాజ్యంలో ఎవరూ అలాంటి తుపాకిని చూసి ఉండలేదు. కోట బురుజుల మీది తుపాకులు నిలువెత్తు మనిషిని మించి ఉంటాయి. ఇది చూడబోతే జానెడే. గొట్టం మరీ కురుచ, బెత్తెడుకు మించదు. ఆ గొట్టం నోరు మాత్రం నిండు నిమ్మకాయ దూరేంత వెడల్పు. పిడికి ఏనుగుదంతం, మీటకు బంగారు పూత, గొట్టం చుట్టూ కోరలు చాచిన మకరం. ఇంత అలంకారం చేసినా, అది నోరు తెరుచుకుని కూర్చున్న బోదురుకప్పలాగే ఉంది. తమ ద్వీపంలో దీన్ని పిడుగుపిల్ల అంటారనీ, నడుముకు దోపుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చనీ, మదపుటేనుగునైనా ఒక్క దెబ్బకు పడగొడుతుందనీ త్రపుకర్ణుడు తేనెలొలికే గొంతుతో వివరించాడు.

రత్నధ్వజుడు వేటంటే ప్రాణం పెట్టే మనిషి. జుట్టు నెరిసినా, కొత్త ఆయుధం కంటపడితే చిన్నపిల్లవాడైపోతాడు. సింహాసనం మీంచి వంగి పెట్టెలోకి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి తుపాకిని తాకేలోగా అంగరక్షక దళపతి శరభాంకుడు ముందుకు వచ్చి మోకరిల్లాడు. ప్రభువు చేతికి చేరే ఆయుధం ఏదైనా ముందు తన చేతిలో పేలాలని విన్నవించాడు. మన్నెపు కొండల్లో పుట్టి, విల్లును నమ్ముకుని ఇంతవాడైన యువకుడు శరభాంకుడు. రాజు తినే ముద్దనూ, ఎక్కే గుర్రాన్నీ, కలుసుకునే మనిషినీ అనుమానించడమే అతని కొలువు. కానుకలంటే మరీ అనుమానం.

దూత చిరునవ్వు చెదరలేదు. కళ్లు మాత్రం ఒక్క క్షణం శరభాంకుడి మీద ముల్లులా గుచ్చుకుని తప్పుకున్నాయి. పరీక్షించుకోవడం ధర్మమేనన్నాడు. కాకపోతే కానుక పుచ్చుకున్న రాజు దాన్ని స్వహస్తంతో ఒకసారి పేల్చితేనే స్నేహం స్థిరపడుతుందన్నది తమ ద్వీపాచారమనీ, ఆ ముచ్చట ఈ పొద్దు గుంకేలోగా జరగాలనీ మెలిక పెట్టాడు.

కోట వెనక గుర్రాలకు నడక నేర్పే మైదానంలో మట్టితో చేసిన పులిబొమ్మను నిలబెట్టారు. శరభాంకుడు తుపాకిని అణువణువూ తడిమి చూశాడు. గొట్టంలో పుల్ల పెట్టి కెలికాడు. పిడి ఊడదీసి లోపల విషపు ముల్లు ఏదైనా ఉందేమోనని వెతికాడు. తుపాకిమందును నాలుకకు తాకించి ఉమ్మేశాడు. ఎందులోనూ లోపం లేదు. లోపం లేనందుకు అతనికి గుబులు ఇంకా పెరిగింది.

మందు పోసి, సీసపు గుండు దట్టించి, మంచి విలుకాడు కళ్లు మూసుకుని కొట్టగల దూరంలో నిలబడి మీట నొక్కాడు. చెకుముకి రాయి నిప్పు రాల్చింది. ఆ వెంటనే ఏం జరిగిందో అతనికే తెలియలేదు. తుపాకి గాడిద తన్నినట్టు తన్ని పైకి లేచింది. గొట్టం వచ్చి నుదుటికి కొట్టుకుంది. కళ్లముందు మంట ఒకటి పువ్వులా విచ్చుకుని, ఎటు తిరిగినా అదే పువ్వు కనిపించసాగింది. మణికట్టు తిమ్మిరెక్కి వేళ్లు తనవి కానట్టయ్యాయి. పొగ విడిచాక చూస్తే పులి నిక్షేపంగా నిలబడి ఉంది. గుండు ఎక్కడో పక్కన గడ్డిలో నాగటి చాలు తీసి పోయింది.

సైనికులు పొట్టలు పట్టుకుని నవ్వడం అతను చూశాడు గాని, ఆ నవ్వు వినిపించలేదు. చెవుల్లో తేనెటీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. వెనక నుంచి వచ్చిన గుర్రం భుజానికి మూతి ఆనించేదాకా, అది వస్తున్న సంగతే తెలియలేదు. ఎసట్లో వేసిన బియ్యం ఉడికి అన్నమయ్యేంత సేపటికి గాని ఆ దిబ్బడ వదల్లేదు.

రెండోసారి దగ్గరికి జరిగి కాల్చాడు. పులి చెవి ఒకటి ఎగిరింది. చివరికి గొట్టాన్ని దాని రొమ్ముకు ఆనించినంత పని చేసి కాల్చాడు. ఈసారి పులి లేదు. పులి ఉన్నచోట ఎర్రటి ధూళి లేచి, మట్టిబెడ్డలు వడగళ్లలా కురిశాయి. నుదుట బొప్పి కట్టి, మణికట్టు వాచి, మీసాల కొసలు కమిలి ఉన్న శరభాంకుడు తనకు తెలియకుండానే పకపకా నవ్వాడు. ఇంకొక్కసారి కాల్చాలని చెయ్యి దురద పెట్టింది. ఆ దురద గుర్తుపట్టగానే అతని నవ్వు ఆగిపోయింది.

కొలువుకు తిరిగి వచ్చి చూసింది చూసినట్టు విన్నవించాడు. దూరాన ఉన్నదానికి తగలదు. ఒకసారి పేల్చి మళ్లీ మందు దట్టించేలోగా విలుకాడు అమ్ములపొది ఖాళీ చేస్తాడు. గుర్రం మీంచి పేలిస్తే గుర్రమే మనిషిని పడదోస్తుంది. ఎదుటివాడి ఊపిరి మన ముఖానికి తగిలేంత దగ్గరలో, అదీ ఒక్క దెబ్బకు తప్ప దేనికీ అక్కరకు రాదు. పేల్చినవాడు కాసేపు గుడ్డివాడూ చెవిటివాడూ అవుతాడు. ఇదంతా అతను సంతలో బేరగాడిలా అరుస్తూ చెప్పాడు. తన గొంతు తనకే సరిగా వినపడక అలా అరుస్తున్నాడని సభవారు ముసిముసి నవ్వులు నవ్వారు.

రాజు ఓపిగ్గా విని ముందుకు వంగాడు. "పనికిరాదు, సరే. సరదాగా ఉందా లేదా? అది చెప్పు."

శరభాంకుడు అబద్ధమాడలేకపోయాడు. "ఉంది, ప్రభూ. నా భయం అదే. పనికిరాని దాన్ని ఇంత సరదాగా ఎందుకు చేశారో, సముద్రాలు దాటించి తమ చేతికే ఎందుకు తెచ్చారో నాకు అంతుపట్టడం లేదు."

ఆటబొమ్మకు అంత ఆలోచనెందుకని రాజు నవ్వేశాడు. సభ కూడా నవ్వింది. నవ్వనిది రాకుమారి ఇందీవర ఒక్కతే. కొలువు చాలించాక ఆమె మేడమెట్ల దగ్గర దళపతిని ఆపి, అనుమానం తుపాకి మీదా, తెచ్చినవాడి మీదా అని అడిగింది. తుపాకిలో ఏ కపటమూ లేదనీ, అయినా దాని చుట్టూ ఏదో కపటం ఉందనీ, అది కళ్లెదుటే ఉండి కంటికి ఆనడం లేదనీ అతను చెప్పాడు. తానూ కళ్లు తెరుచుకుని ఉంటానని ఇందీవర మాట ఇచ్చింది.

మధ్యాహ్నం తిరిగాక రాజు ఊరేగింపుగా నదిగట్టున ఉన్న వసంత మండపానికి బయలుదేరాడు. చోటు ఎంచినవాడు త్రపుకర్ణుడే. ఓడ దిగి నెల దాటినా, మంచి ముహూర్తం కుదరలేదంటూ అతను ఇన్నాళ్లూ ఆ మండపం పక్క విడిదిలోనే కాలం గడిపాడు. నల్లరాతి మండపమంతా మల్లెచెండ్లతో తెల్లబడింది. గున్నమావి కొమ్మలకు వెండి చిరుగంటలు కట్టారు. నదిమీంచి వచ్చే గాలికి అవి సన్నగా మోగుతుంటే, పన్నీటి జల్లుకు తడిసిన నెమళ్లు తోకలు దులుపుకుంటున్నాయి. మండపం నడుమ పరిచిన పెద్ద పలకమీద దూత మనుషులు బియ్యప్పిండితో ఎనిమిది రేకుల పద్మం వేశారు. ఒక రేకుకు మాత్రం కుంకుమ అద్దారు. రాజు ఆ రేకుకేసి తిరిగి పద్మం మధ్యన నిలబడాలట. ఎవరైనా దగ్గరుంటే నిప్పురవ్వలు మీద పడతాయి కనుక, మిగతా అందరూ పూలదండ కట్టిన హద్దుకు ఇవతలే ఉండాలట. శబ్దం ఘనంగా రావాలని మందు రెండింతలు పోశారు.

తాను ప్రభువు పక్కనే ఉంటానని శరభాంకుడు పట్టుబట్టాడు. రాజుకు విసుగొచ్చింది. స్నేహితుల ఎదుట తనను పిరికివాణ్ణి చేయవద్దని మందలించి, హద్దు ఇవతలికి పంపేశాడు. రాజాజ్ఞ కనుక శరభాంకుడు కదిలాడు గాని, అతని చూపు త్రపుకర్ణుణ్ణి వదల్లేదు. రాజు తుపాకి ఎత్తుతుంటే అందరూ రాజునే చూస్తున్నారు. దూత మాత్రం రాజు పాదాలకేసి చూస్తున్నాడు.

తుపాకి పేలింది. కొండ విరిగి నదిలో పడినట్టయింది. నెమళ్లు కకావికలై ఎగిరాయి. తెల్లటి పొగ కుప్పలు కుప్పలుగా లేచి మండపాన్ని మింగేసింది. హద్దుకు ఇవతల ఉన్నవాళ్లు కూడా చెవులు మూసుకుని దగ్గారు. శరభాంకుడు పూలదండ తెంచుకుని పరుగు తీయబోయేంతలో గాలి వీచి, పొగ పాయలుగా చీలింది. పద్మం మధ్య మహారాజు నిటారుగా, చిరునవ్వుతో, చేతిలో తుపాకితో నిలబడి ఉన్నాడు.

శంఖాలు మోగాయి. జనం జయజయధ్వానాలు చేశారు. శరభాంకుడు ఊపిరి పీల్చుకున్నాడు. తన అనుమానం తనకే చిన్నతనంగా తోచింది.

ఇంతలో అతని పక్కన నిలబడ్డ ఇందీవర, నాన్నగారి తలపాగా ఒరిగిందని చెలికత్తె చెవిలో గుసగుసలాడింది. శంఖాల మోత అప్పుడే ఆగింది. అంత దూరాన ఉన్న రాజు చెయ్యెత్తి తలపాగా సరిచేసుకున్నాడు.

శరభాంకుడు ఆ చేతికేసి మళ్లీ చూశాడు. సగం మందుతో పేల్చిన తనకు, వెనక వచ్చిన గుర్రం అడుగులు వినపడలేదు. రెండింతల మందుతో పేల్చిన మనిషికి ఆడపిల్ల గుసగుస ఎలా వినపడింది? అతను రాజు నుదుటికేసి చూశాడు. బొప్పి లేదు. తుపాకి పట్టిన మణికట్టుకేసి చూశాడు. వాపు లేదు, మసి లేదు. ముఖాన వినయం పులుముకుని దగ్గరికి వెళ్లి, పేలిన ఆయుధాన్ని వెంటనే తుడిచి పెట్టకపోతే చిలుమెక్కుతుందని చెప్పి చెయ్యి చాచాడు. రాజు ఒక్క క్షణం తటపటాయించి, అందరూ చూస్తుండడంతో ఇవ్వక తప్పక ఇచ్చాడు.

గొట్టం చన్నీళ్ల చెంబులా చల్లగా ఉంది. బరువును బట్టి చూస్తే లోపల గుండు కూడా ఉంది. ఇది పేలిన తుపాకి కాదు. దాని జంట.

శరభాంకుడు తల దించి నేల చూశాడు. కుంకుమ అద్దిన రేకు ఇందాక నదివైపు ఉంది. ఇప్పుడు కోటవైపుకు తిరిగింది. పలక అంచు పొడుగునా పిండి సన్నగా తెగి ఉంది.

అప్పుడు అంతా అద్దంలో చూసినట్టు తెలిసింది. మంట కళ్లు మూయడానికి, పొగ మనిషిని మార్చడాన్ని దాచడానికి, ఆ మోత పలకరాయి తిరిగే చప్పుడును మింగడానికి. సరదా అంటారా, అది రాజు వద్దనకుండా ఉండడానికి.

ఇందీవర అతని ముఖం చదివింది. నెమ్మదిగా నడిచి వచ్చి, తండ్రికి కాస్త ఎడంగా నిలబడి, తలైనా ఎత్తకుండా, పెదవి కదిలీ కదలనట్టు అడిగింది: "చెవులెలా ఉన్నాయి, నాన్నగారూ?"

"బాగానే ఉన్నాయమ్మా," అన్నాడు రాజు.

ఆమె చప్పున ఒక అడుగు వెనక్కి వేసింది. శరభాంకుడు మీట బిగించి తుపాకి నోటిని ఆ మనిషి రొమ్ముకు గురిపెట్టాడు. "మా ప్రభువు ఎక్కడ?"

రాజు రూపంలో ఉన్నవాడు నవ్వాడు. మడమతో పలక అంచును నొక్కాడు. పలకరాయి గిరుక్కున తిరగసాగింది. శరభాంకుడు తన కుడిభుజంలాంటి ఉపదళపతి వజ్రముష్టిని కేకేసి, రాకుమారి చుట్టూ కత్తుల కోట కట్టమని, దూతను కదలనివ్వవద్దని చెప్పాడు. వజ్రముష్టి కత్తి దూసి ఆమె ముందు నిలవడం చూశాక, మూసుకుంటున్న సందులోకి దూకాడు.

జారుడుబండ లాంటి సొరంగంలో ఇద్దరూ దొర్లుకుంటూ పడ్డారు. వీపున ఉన్న విల్లు రెండు ముక్కలైంది. పైన పలక మూసుకుపోయి, ఎక్కడో దూరాన మసక వెలుతురు తప్ప మరేమీ కనబడలేదు. ఆ మసకలో దొంగరాజు ఒంటిమీంచి మాయ ఊడిపోసాగింది. భుజాలు సొరంగం నిండా ఉబ్బాయి. ముఖం ముట్టెలా ముందుకు సాగింది. చర్మం పైన ఏదుపంది ముళ్లు లేచి రాతిగోడలకు గీసుకుని కిరకిరలాడాయి. అది ఒక మాయారక్కసుడు.

సొరంగం ఎంత ఇరుకంటే, శరభాంకుడు ఒరలోంచి కత్తి సగం లాగేసరికే మోచెయ్యి గోడకు తగిలింది. రక్కసుడు ముళ్లచేత్తో అతని భుజం పట్టి నేలకు అదిమాడు. పచ్చి నెత్తురు కంపు కొట్టే ఊపిరి అతని ముఖాన కొట్టింది. శరభాంకుడికి తాను ఉదయం సభలో అన్న మాట ఆ క్షణంలో జ్ఞాపకం రాలేదు. చెయ్యి దానంతటదే ఆ పొట్టి గొట్టాన్ని ఎత్తి, ముళ్ల సందున మెత్తగా తగిలినచోట ఆనించి, మీట నొక్కింది.

సొరంగమంతా ఒక్క మంటయి, మళ్లీ చీకటైంది. మీది బరువు ఒక్కసారి ఎగిరి, వాలిపోయింది. శరభాంకుడు దాని కిందినుంచి పాకుతూ బయటపడ్డాడు. ఏమీ కనిపించడం లేదు, ఏమీ వినిపించడం లేదు. కుడిచెయ్యి ఉందో లేదో తెలియడం లేదు. ఎడమచేత్తో గోడ తడుముకుంటూ, చల్లటి నీటిగాలి ఎటునుంచి వస్తే అటు నడిచాడు. ఈసారి అతనికి నవ్వు రాలేదు.

సొరంగం ఒక మహాబిలంలోకి విచ్చుకుంది. దాని కప్పు నుంచి వేలాడే స్ఫటికపు ఊడలు, నదివైపు నోటినుంచి పడే ఎండకు ఇంద్రధనుస్సులు చిమ్ముతున్నాయి. అడుగున నల్లటి నీళ్లమీద సన్నటి పడవ ఒకటి ఉంది. దానికి తెరచాప లేదు, తెడ్లు లేవు. నాలుగు మూలలకూ కట్టిన గొలుసులు పైకి సాగి, కప్పును పట్టి వేలాడుతున్న నాలుగు గబ్బిలాల మెడలకు చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏనుగంత ఉంది. తుపాకి మోతకు అవి అదిరిపడి అప్పటికే రెక్కలు విప్పుతున్నాయి. పడవలో చేతులు కట్టేసి కూలదోసిన మనుషుల్లో నెరిసిన జుట్టు ఒకటి కనిపించింది.

గొలుసులు బిగిశాయి. పడవ నీటిమీంచి లేచింది. శరభాంకుడు రాతి అంచుమీంచి దూకి, వెనక వేలాడుతున్న లంగరుతాడును ఎడమచేత్తో అందుకున్నాడు. తాడు అరచేతిని ఒలిచింది. అయినా వదల్లేదు. గబ్బిలాలు బిలపు నోటినుంచి ఒక్క విసురున బయటపడి, ఎండ కళ్లలో కొట్టగానే పిచ్చెత్తినట్టు పైపైకి ఎగరసాగాయి. నది కిందికి జారిపోయి వెండితీగె అయింది. పళ్లతో కూడా తాడు పట్టుకుని, మోకాళ్లతో ఎగబాకి, ఎలాగో పడవ అంచు దాటి లోపల పడ్డాడు.

మహారాజు అసలైనవాడే. నుదుట కోడిగుడ్డంత బొప్పి, వాచిన మణికట్టు, ముఖమంతా మసి. శరభాంకుడు నడుమునున్న బాకు తీసి కట్లు కోస్తుంటే ఆయన ఏదో అన్నాడు. శరభాంకుడికి వినపడలేదు. అతను చెప్పింది ఆయనకు వినపడలేదు. ఇద్దరూ ఒకరి ముఖాన ఒకరు అరుచుకుంటూ, చేతులు తిప్పుకుంటూ కాసేపు గడిచింది. చివరికి ఆయన శరభాంకుడి చెవిలో నోరు పెట్టి ఒక్కో మాటా విడదీసి అరిచాడు.

"అమ్మాయి దగ్గర ఎవరున్నారు?"

వజ్రముష్టి ఉన్నాడని శరభాంకుడు అంతే గట్టిగా అరిచి చెప్పాడు. రాకుమారి చుట్టూ కత్తులు నిలిపే వచ్చానన్నాడు.

రాజు పక్కకు జరిగి, తన వెనక పడి ఉన్న మనిషిని చూపించాడు. నెలరోజులుగా మాసిన గడ్డం, తాళ్ల ఒరిపిడికి పుళ్లు పడ్డ చేతులు. శరభాంకుడు వంగి ఆ జుట్టు తొలగించాడు. వజ్రముష్టి కళ్లు తెరిచి, గుర్తుపట్టి, నోట మాట రాక పెదవులు మాత్రం కదిపాడు. ఓడ వచ్చిన నాడే, అంటున్నాయి ఆ పెదవులు. ఓడ వచ్చిన నాడే పట్టుకున్నారు.

శరభాంకుడు ఒక్క గెంతున పడవ అంచుకు చేరి కిందికి చూశాడు. ఎంతో దిగువన వసంత మండపం అరచేతిలో పట్టేంత గొడుగులా ఉంది. దాని ముందు నీలిచీర కట్టిన చిన్న ఆకారం ఒకటి, చుట్టూ వలయంగా భటులు. ఎండకు కత్తులు తళతళలాడుతున్నాయి. వాటి మొనలు బయటికి కాదు, లోపలికి తిరిగి ఉన్నాయి.

గబ్బిలాలు సముద్రంవైపు మళ్లాయి. శరభాంకుడు బాకును పళ్ల మధ్య కరుచుకున్నాడు. ఇంకా తిమ్మిరి వదలని కుడిచేతిని గొలుసుకు మెలివేసి, అన్నిటికన్నా ముందున్న గబ్బిలం మెడవైపు ఎగబాకడం మొదలుపెట్టాడు.